నొక్కి చూడని పాదాలు

కుర్చీ

ప్రతి అంగన్‌వాడీ కేంద్రంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. పిల్లలు చాప మీద కూర్చుంటారు. టీచర్ నేల మీద, ఆయా పొయ్యి దగ్గర కూర్చుంటారు. ఆ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోరు. అది సూపర్‌వైజర్ వచ్చినప్పుడు వేయడానికి. మీరు గుమ్మంలో కనపడగానే ఆయా కొంగుతో దుమ్ము దులిపి తెచ్చి వేస్తుంది. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న అమ్మాయిలకు నేను చెప్పే మొదటి మాట, దాంట్లో కూర్చోవద్దని.

నేను ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. చివరి మూడేళ్ళు కూర్చోలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ఏ ఊరికి బదిలీ అయింది, ఎవరు నా ఫైలు తొక్కిపట్టారు అన్నవి మీకు పనికిరావు. పని ఏమిటో చెబుతాను. మీ కింద పాతిక దాకా కేంద్రాలుంటాయి. వాటిలో ఆరేళ్ళలోపు పిల్లలకు మధ్యాహ్నం వేడి అన్నం, పప్పు, గుడ్డు పెడతారు. పాటలు, అక్షరాలు నేర్పుతారు. నెలకోసారి ప్రతి పిల్లను కాటాకు వేలాడదీసి తూచి, ఎదుగుదల కార్డు మీద చుక్క పెడతారు. చుక్క ఆకుపచ్చలో పడితే సరే. ఎరుపులో పడితే ఆ పిల్లను భద్రాచలం దవాఖానాలో పోషణ వార్డుకు పంపాలి. ఎవరిని పంపాలో టీచర్ రాస్తుంది. సంతకం మీరు పెడతారు. ఉద్యోగమంతా ఆ సంతకంలోనే ఉంది. మిగతాది తిరగడం.

మా ఇల్లు, నా క్యారేజీ

మా తాత పేరు చెబితే కల్లూరు చుట్టుపక్కల ముసలివాళ్ళు ఇప్పటికీ లేచి నిలబడతారు. ఆ పేరుకు మిగిలింది అంతే. భూమి నా చిన్నప్పుడే పోయింది. కొంత చట్టాలతో, కొంత కోర్టులతో, ఎక్కువ భాగం మావాళ్ళ పేకాటతో. మా అన్నలిద్దరూ ఒకరి కింద పనిచేయడం మనకు తగదని ఇంట్లోనే కూర్చున్నారు. నేను పరీక్ష రాసి ఉద్యోగంలో చేరాను. అందుకు నేనేనాడూ సిగ్గుపడలేదు. ఇల్లు నిలబెట్టింది నేనని గర్వపడ్డాను. వీపు వంచకుండా కూర్చోవడం మా నాయనమ్మ నేర్పింది. ఇప్పుడు కూడా అలాగే కూర్చుని రాస్తున్నాను.

బయట తినకూడదు, బయట నీళ్ళు తాగకూడదు అన్నది మా ఇంటి ఆచారం. ఆస్తి పోయింది కానీ ఆచారం పోలేదు. నిజం చెప్పాలంటే ఆస్తి పోయాకే అది మరీ గట్టిపడింది. నేను ఏ గూడేనికి వెళ్ళినా స్టీలు క్యారేజీ, మూత ఉన్న మంచినీళ్ళ చెంబు నాతో వచ్చేవి. బస్సులో వెళ్ళినా, ఎవరి మోటారుసైకిలు వెనక కూర్చుని వెళ్ళినా, ఆ చెంబు నా ఒడిలో ఉండేది.

మా పనిలో ఒక నియమం ఉంది. వండిన అన్నం పిల్లలకు పెట్టేముందు టీచర్ ఒక ముద్ద, తనిఖీకి వచ్చిన సూపర్‌వైజర్ ఒక ముద్ద రుచి చూడాలి. దానికో రిజిస్టరు. అందులో నేను 'రుచి చూశాను, బాగుంది' అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా రుచి చూడలేదు. వండినవాళ్ళు ఎవరో తెలుసు కాబట్టి చూడలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

టీచర్లు నా వెనక నన్ను 'దొరసాని మేడం' అనుకునేవారు. నాకు వినబడేది. కోపం తెచ్చుకున్నట్టు కనిపించేదాన్ని, కానీ లోపల బాగానే ఉండేది.

కంచాలు కడిగే చోటు

నా మొదటి ప్రాజెక్టు అధికారిణి పొట్టిగా, బొంగురు గొంతుతో ఉండేది. కేంద్రానికి రాగానే రిజిస్టర్లు అడిగేది కాదు. నేరుగా వెనక్కి, కంచాలు కడిగే చోటుకు పోయేది. అక్కడ గొంతుక్కూర్చుని మట్టి చూసేది.

"అన్నం మెతుకులు ఇన్ని పడి ఉన్నయంటే పిల్లలు తింటలేరన్నట్టు. అసలే లేవంటే సాల్తలేదన్నట్టు. ఊరకుక్క బొద్దుగుందంటే ఆయమ్మను మార్చాలె," అనేది. తర్వాత నావైపు చూసి, "నువ్వు గూడ కూసో అమ్మా, చీరె నలిగితే ఇస్త్రీ ఉంటది," అని నవ్వేది.

నేను పక్కన నిలబడి ఆమె చెప్పింది నోట్ చేసుకునేదాన్ని. మంచి పద్ధతి అని తెలుసు. పదిమందికి చెప్పాను కూడా. నేను మాత్రం ఒక్కసారీ ఆ మట్టి దగ్గర కూర్చోలేదు.

ఆమె రిటైరయ్యాక చాలామంది అధికారులు వచ్చి వెళ్ళారు. నేను చెప్పబోయే సంగతి జరిగినప్పుడు ఉన్నాయన చెడ్డవాడు కాదు. నెలనెలా సమీక్షలో ఆయన మీద ఉన్నవాళ్ళు ఎరుపు ఎందుకు తగ్గలేదని అడిగేవారు. ఆయన వచ్చి మమ్మల్ని అడిగేవాడు. మేము టీచర్లను అడిగేవాళ్ళం. టీచర్లు ఎవరిని అడగాలి? కాటాను అడిగేవారు. అట్లా కొన్ని కేంద్రాల్లో కాటా మా మాట వినడం మొదలుపెట్టింది. ఇది అందరికీ తెలిసిన విషయమే. తెలియనట్టు ఉండటం కూడా ఉద్యోగంలో భాగమని అనుకున్నాం.

ఒకసారి హైదరాబాదులో శిక్షణకు పిలిచారు. చీకటి హాల్లో తెర మీద ఒక వీడియో వేశారు. ఆఫ్రికాలో ఏదో దేశం, ఎర్రమట్టి నేల. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దావిడ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ ఊళ్ళో పిల్లలందరి తిండి, బడి ఆమె చేతిలోనే ఉన్నాయని చెప్పారు. ఒక్కో తల్లి పిల్లను తెచ్చి ఆమె ఒడిలో పెడుతుంది. ఆమె రెండు పాదాల మీదా బొటనవేళ్ళు పెట్టి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి తీస్తుంది. గుంట పడి అట్లాగే నిలిచిపోతే ఆ పిల్ల ఒంట్లో నీరు చేరినట్టు. సరైన తిండి అందని పిల్లకు ఒక్కోసారి ఒళ్ళు ఉబ్బుతుంది, బుగ్గలు నిండుతాయి, బరువు పెరుగుతుంది. చూసేవాళ్ళు కోలుకుంటోందనుకుంటారు. అసలు చావుకు దగ్గరగా ఉన్న పిల్ల అదే. కాటా చెప్పలేనిది పాదం చెబుతుంది.

నా పక్కన కూర్చున్న సూపర్‌వైజర్, "మన దగ్గర గంత కరువెక్కడిదమ్మా," అంది. అవునని తల ఊపాను. అయినా మొత్తం శ్రద్ధగా రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అక్షరాలు చాలా చక్కగా ఉన్నాయి.

సువార్త

అడవి అంచున ఒక గూడెంలో టీచర్ పేరు సువార్త. ఊరు ఇల్లందు. నాన్న బొగ్గు బావిలో పనిచేసి దమ్ముతో పోయాడు. చర్చిలో పాటలు పాడిన గొంతు. ఆ గొంతుతోనే పిల్లలకు అక్షరాలు చెప్పేది. ఆమె కేంద్రంలో రిజిస్టర్లు ఎప్పుడూ పదిరోజులు వెనక ఉండేవి. పిల్లలు మాత్రం పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చునేవారు.

వాగు అవతల, అడవి లోపల ఇంకో గూడెం. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళది. వాళ్ళ భాష వేరు, కార్డులు లేవు, మా లెక్కల్లో లేరు. ఒకసారి నేను వెళ్ళేసరికి చాప మీద నా జాబితాలో లేని పిల్లలు ఏడెనిమిది మంది ఉన్నారు.

"వీళ్ళెవరు?"

"వాగవతలోల్లు మేడం."

"మన జాబితాలో లేరుగా. ఏ లెక్కలో పెడుతున్నావు?"

"పప్పుల నీళ్ళు జర ఎక్కువ పోస్తున్న."

"రిజిస్టరులో ఎట్లా రాస్తావు?"

"రాయ మేడం. పెడత."

నేను మెమో ఇచ్చాను. ఆమె తీసుకుని మడిచి రవికలో పెట్టుకుంది. తర్వాత వారం వెళ్తే ఆ పిల్లలు పన్నెండు మంది అయ్యారు. ఈలోగా వాగు దాటి వెళ్ళి గుడిసె గుడిసెకూ తిరిగి వాళ్ళ భాషలో నాలుగు మాటలు నేర్చుకుని వచ్చింది. ఏడాదికి ఆ పిల్లలందరి పేర్లూ జాబితాలోకి ఎక్కాయి. ఎక్కించింది నేనే. హాజరు పెరిగిందని సమీక్షలో నన్నే మెచ్చుకున్నారు. మహిళా దినోత్సవం నాడు వేదిక మీద నాకు శాలువా కప్పి, పేద పిల్లల భవిష్యత్తు దిద్దుతున్న నాయకురాలు అన్నారు. సువార్త ఆ రోజు వేదిక కింద, వచ్చినవాళ్ళకు మజ్జిగ పోస్తోంది.

సుక్కి

వాగవతల గూడెం పిల్లల్లో సుక్కి అని మూడేళ్ళ పిల్ల ఉండేది. తల్లి పేరు దేవే. సుక్కికి నా చెంబంటే పిచ్చి. నేను కుర్చీలో కూర్చుని చెంబు పక్కన పెట్టగానే చాప మీద నుంచి పాక్కుంటూ వచ్చి, మూత తీసి లోపలికి చూసేది. లోపల ఏముంటుందనుకునేదో. నేను చెంబు తీసి రెండో వైపు పెట్టేదాన్ని. అది చుట్టూ తిరిగి అటు వచ్చేది. సువార్త నవ్వు ఆపుకుంటూ ఎత్తుకుపోయేది.

ఆ ఎండాకాలం దేవేకు ఇంకో ఆడపిల్ల పుట్టింది. సుక్కి పాలు మానేసింది. విరేచనాలు పట్టుకుని నెలలో కర్రలా అయింది. చుక్క ఎరుపులో పడింది. వార్డుకు పంపాల్సిన జాబితాలో సువార్త దాని పేరు రాసింది. తీసుకెళ్ళే బండి రావడానికి కొన్నాళ్ళు పట్టింది.

బండి మర్నాడు వస్తుందనగా జాబితా సరిచూడటానికి నేను వెళ్ళాను. ఆషాఢం ముసురు. సువార్త సుక్కిని కాటాకు వేసింది. ముప్పావు కిలో పెరిగింది. బుగ్గలు నిండాయి. మునుపటిలా నా చెంబు దగ్గరికి రాలేదు. బుద్ధిగా ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంది. పెద్దదవుతోందనుకున్నాను.

"చూశావా, పెడితే పెరుగుతారు," అన్నాను.

"మేడం, గిది కండ గాదు. నీరు. పిల్ల ఉబ్బింది."

"ఎవరన్నారు?"

"ఎవరంటరు మేడం, నేనే అంటున్న. వారం దినాల సంది బువ్వ ముడ్తలేదు. గుడ్డు ఇస్తే చేతుల పట్టుకొని కూసుంటది. తినని పిల్ల ముప్పావు కిలో ఎట్ల పెరుగుతది?"

"పెరిగిన పిల్లను వార్డుకు పంపితే పైన ఏమంటారో తెలుసా?"

"కాళ్ళు ఒక్కపారి నొక్కి చూడుండ్రి. నేను నొక్కిన, గుంట పడ్డది."

"నువ్వు నొక్కావుగా."

"నా మాట ఎవలింటరు మేడం? సంతకం మీదే గదా."

అంటూనే సుక్కిని ఎత్తుకుని నా కుర్చీ దగ్గరకు తెచ్చింది. దాని రెండు పాదాలూ నా మోకాళ్ళ ముందుకు చాపింది. చిన్న పాదాలు, నున్నగా మెరుస్తున్నాయి. వాగు బురద అంటుకుని ఉంది. నేను కుచ్చిళ్ళు వెనక్కి లాక్కున్నాను.

మా ఇంట్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెడతారు. పనివాళ్ళు మా కాళ్ళ దగ్గర కూర్చునేవారు. మావాళ్ళు ఇంకొకరి పాదాలు ముట్టుకోవడం నేను చూడలేదు. అయినా ఆ క్షణంలో నేను వంగేదాన్నేమో. నోటుబుక్కులో రాసుకున్నది గుర్తుకొచ్చింది కూడా. అప్పుడే పొయ్యి దగ్గర నుంచి ఆయా గిన్నెతో అంటున్నట్టుగా అంది.

"ఊకో అక్కా. దొరసానులు కాళ్ళు మొక్కిచ్చుకుంటరు గని ముడ్తరా."

ఆ మాట విన్నాక నా నడుము వంగలేదు. వంగితే ఆయా అన్న మాటకు వంగినట్టు అవుతుందనిపించింది. ఆ పిల్ల ఒంట్లో ఏముందన్నది కాదు, ఆ గదిలో ఎవరిది పైచేయి అన్నది నాకు ముఖ్యమైంది. ఆయాను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఆమె అన్నది నిజం.

"దించు," అన్నాను సువార్తతో. "నాకింకా మూడు కేంద్రాలున్నాయి."

కార్డు మీద 'బరువు పెరిగింది, మెరుగు' అని రాశాను. జాబితాలో సుక్కి పేరు కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. రుచి రిజిస్టరులో 'బాగుంది' అని రాశాను. మర్నాడు బండి ఇద్దరు పిల్లలతో వెళ్ళిపోయింది. మూడో పిల్లకు చోటు ఉండింది.

వాగు

ఆ సాయంత్రమే వాన ముదిరింది. వాగు పొంగి ఎనిమిది రోజులు దారి ఇవ్వలేదు. సుక్కి అవతల ఉంది. సువార్త రోజూ పొద్దున ఒడ్డుకు వెళ్ళి నిలబడి అవతలివాళ్ళను కేకేసి అడిగేదట. ఏడో రోజు దాని కళ్ళు తెరుచుకోవడం లేదని కేక వచ్చింది.

నీళ్ళు నడుం లోతుకు దిగగానే సువార్త తాడు పట్టుకుని దాటింది. దవాఖానాకు పోదామంటే దేవే భర్త కదల్లేదట. అతను అన్నమాట సువార్త నాకు తర్వాత చెప్పింది.

"మీ పెద్దామె బరువు పెరిగిందన్నది గదా, మళ్ళ దవాఖానా ఏంది అన్నడు మేడం."

నిజానికి నా సంతకాన్ని నమ్మింది ఆ ఒక్క మనిషే.

చివరికి దేవే పసిపిల్లను వీపున కట్టుకుని, సుక్కిని సువార్త భుజాన వేసుకుని, వాగు దాటి, రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కారు. సారపాక మిల్లు పొగ కనబడింది. గోదావరి వంతెన ఎక్కితే అవతలే భద్రాచలం. వంతెన ఎక్కకముందే సుక్కి పోయింది. దేవే ఆటో తిప్పమంది. మళ్ళీ అదే దారిలో నడిచి, వాగు దాటి, తీసుకెళ్ళి పూడ్చారు.

నేను ఆ రోజు ఖమ్మంలో సమావేశంలో ఉన్నాను. నా మండలంలో ఎరుపు తగ్గిందని చెప్పాను.

ఒక్క వాక్యం

పిల్ల చనిపోతే కాగితం కదులుతుంది. కార్డు తెప్పించారు. చివరి చుక్క పైకి ఉంది, పక్కన 'మెరుగు' అని నా చేతిరాత ఉంది. కాబట్టి ఇది పోషణలోపం కాదు, జ్వరం అన్నారు. అయినా ఎవరో ఒకరి సంజాయిషీ ఫైల్లో ఉండాలి. పిల్లను సకాలంలో ఆసుపత్రికి చేర్చనందుకు అని సువార్తకు నోటీసు ఇచ్చారు. ఆ నోటీసు నా చేతుల మీదుగానే వెళ్ళింది. నేను ఆపలేదు.

ఆమె జవాబు ఒక్క వాక్యం రాసింది. 'పాదాలు చూపించిన, చూడలేదు.'

అధికారి ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఇదేందండీ? ఎవరికి చూపించింది? ఎవరు చూడలే?"

మావాళ్ళు పేకాటలో పొలాలు పోగొట్టారు కానీ ఆడిన ఆట ఆడలేదని అనలేదు. ఆ ఇంటి నుంచి నాకు దక్కిన మంచి ఏదైనా ఉంటే అదొక్కటే.

"నాకు చూపించింది," అన్నాను. "నేను చూడలేదు. పిల్లకు నీరు పట్టింది. టీచర్ చెప్పింది. పేరు కొట్టేసింది నేను."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "మేడం, మీరు సీనియర్. మూడేళ్ళల్ల రిటైర్ అయితరు. గిట్ల మాట్లాడకుండ్రి. ఇది ఫైల్ల పెడితే మీతో ఆగదు, నాతో ఆగదు."

"పెట్టండి."

"పెట్ట. పోయిన పిల్ల రాదు గదా."

సువార్త జవాబు ఫైల్లోకి వెళ్ళలేదు, జరిగింది నేను రాసిచ్చిన కాగితమూ వెళ్ళలేదు. సువార్త నోటీసూ వెనక్కి తీసుకున్నారు. సుక్కి జ్వరంతో పోయినట్టు రాశారు. నేను రాసిన రెండో కాగితానికి జవాబు రాలేదు, మూడోది నేను రాయలేదు. నాకు ఏ శిక్షా పడలేదు. శాలువా కూడా ఎవరూ వెనక్కి అడగలేదు. మీరు ఈ శాఖలో న్యాయం కోసం చూడకండి. ఇక్కడ తప్పు చేసినవాళ్ళకు శిక్ష ఉండదు. తప్పు గుర్తుంచుకోవడం మీ సొంత పని.

గంటెడు పప్పు

తర్వాత వారం సువార్త కేంద్రానికి వెళ్ళాను. క్యారేజీ తీసుకెళ్ళలేదు, చెంబు తీసుకెళ్ళలేదు. ఆయా కుర్చీ వేసింది. నేను చాప చివర నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. పిల్లలు పాట ఆపి నన్నే చూశారు.

భోజనం వేళకు, "నాకూ పెట్టు," అన్నాను.

అదొక పెద్ద మాట అనుకుని అన్నాను. ముప్పై ఏళ్ళ ఆచారం వదులుకుంటున్నాను, ఆమె ముఖంలో ఏదో కనిపిస్తుందనుకున్నాను. సువార్త గిన్నెలోకి చూసి మామూలుగా అంది.

"పిల్లల లెక్కకే వండిన మేడం. మీరు తింటే ఒకరికి తక్కువైతది. రుచి చూడాల్నంటే చెయ్యి పట్టుండ్రి."

చెయ్యి పట్టాను. గంటెతో కొంచెం పప్పు పోసింది. వేడిగా ఉంది. ఉప్పు సరిపోయింది. కారం పిల్లలకు తగినంతే. ముప్పై ఏళ్ళు 'బాగుంది' అని రాసిన మాట నిజమేనని ఆ రోజు తెలిసింది. అది తెలుసుకోవడానికి పట్టింది ఒక్క నిమిషం.

తిన్నాక ఒక్కో పిల్లనూ పిలిచి పాదాలు ఒడిలో పెట్టుకుని నొక్కాను. ఒకటి, రెండు, మూడు. చక్కిలిగింత పుట్టి కొందరు నవ్వారు, ఒకడు నా చెయ్యి మీద తన్నాడు. ఆయా నాకు వినబడేలాగే అంది. "గోర్లు కత్తిరించుకొని రమ్మను అక్కా, పిల్లలకు గుచ్చుకుంటున్నయట."

దేవే గుమ్మం బయట నిలబడి ఉంది, చంకలో పసిపిల్ల. నేను చూడగానే ముఖం తిప్పుకుంది. లోపలికి రమ్మని సువార్త వాళ్ళ భాషలో పిలిచింది. రాలేదు. చంకలో ఉన్నది మంగ్లి అని సువార్త చెప్పింది.

ఆ తర్వాత మూడేళ్ళు ఏ కేంద్రానికి వెళ్ళినా అదే చేశాను. కొత్త టీచర్లకు చేసి చూపించాను. కొందరు నేర్చుకున్నారు, కొందరు నేను రిటైరయ్యేదాకా ఓపిక పట్టారు. దానివల్ల ఏదో మారిందని చెప్పుకోను. సమీక్షల్లో ఎరుపు ఎక్కువైందని నాకు రెండుసార్లు మెమో వచ్చింది. మడిచి రవికలో పెట్టుకోవడం నాకు అలవాటు లేదు. సంచిలో పెట్టుకున్నాను.

ఆ మూడేళ్ళూ నేను వెళ్ళిన ప్రతిసారీ దేవే గుమ్మం బయటే నిలబడేది. మంగ్లి నడక నేర్చి చాప మీద కూర్చునేది. నేను దాని వంతు పిలవగానే దేవే లోపలికి వచ్చి, ఎత్తుకుని బయటకు తీసుకెళ్ళిపోయేది. నేను రెండోసారి పిలిచేదాన్ని కాదు. ఆ పిల్ల పాదాలు సువార్తే చూసేది.

చివరి నెల

రిటైరయ్యే నెలలో కడసారి వెళ్ళాను. మళ్ళీ ముసురు. దేవే అప్పటికే వచ్చి ఉంది, గుమ్మంలో కాదు, లోపల. వీపున కొత్త పసిపిల్ల ఉంది. ఒడిలో మంగ్లి. మూడేళ్ళు నిండాయి. బుగ్గలు నిండుగా ఉన్నాయి, జుట్టు రాగిరంగు తిరిగింది. గుడ్డు చేతిలో పట్టుకుని కూర్చుంది, తినడం లేదు.

ఈసారి సువార్త చెప్పాల్సిన అవసరం లేదు.

దేవే లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా ముఖంలోకి చూడలేదు. మంగ్లి రెండు కాళ్ళూ పట్టుకుని నా ఒడిలో పెట్టింది. పెట్టి, తన చేతులు తీయకుండా అట్లాగే ఉంచింది.

పాదాలు చల్లగా, నున్నగా ఉన్నాయి. రెండు బొటనవేళ్ళూ ఆనించి నొక్కాను. ఒకటి, రెండు, మూడు. తీశాను.

గుంట పూడలేదు.

బయట వాన పెరుగుతోంది. దేవే వాగు దాటి వచ్చింది కాబట్టి పిల్ల ఇవతలే ఉంది. జాబితా కోసం, కాటా కోసం చూడలేదు. "ఆటో పిలువు సువార్తా, నేను కూడా వస్తాను," అన్నాను. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. దేవే చెయ్యి ఇచ్చింది.